ఐదుగురి గల్లీ హాకీ టోర్నీ: ఏ రూల్స్ ఉంచాలి, ఏవి తీసేయాలి

మీరడిగింది ఇది: నల్లగొండలో మీ కాలనీ తరఫున ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు నాడు, ఎనిమిది జట్లతో టెన్నిస్ బాల్ హాకీ టోర్నీ పెట్టాలి. ఆ మర్నాడు ఫైనల్. జట్టుకు ఐదుగురు. స్టిక్కులు బడిలో వాడే మామూలు హాకీ స్టిక్కులే. జాగ ఇళ్ల ముందటి సీసీ రోడ్డు, వెడల్పు 24 ఫీట్లు. అసలు హాకీ రూల్ బుక్కునే పెట్టుకోవాలా, సొంతంగా రాసుకోవాలా?

సొంతంగానే రాసుకోండి, కానీ గాలిలోంచి కాదు. పదకొండు మంది ఆడే హాకీ రూల్స్ 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం కోసం రాసినవి. మీ ఆటకు అసలైన చుట్టం ఇండోర్ హాకీ. అందులో బాల్‌ను ఊపి కొట్టడం లేదు, తోయడమే. గోల్ మీదికి వేసే షాట్ తప్ప బాల్ నేల విడిచి లేవకూడదు. పక్క గీతల వెంట చెక్కలు ఉంటాయి కాబట్టి బాల్ వాటికి తగిలి మళ్లీ ఆటలోకే వస్తుంది. ఈ మూడూ మీకు అచ్చంగా సరిపోతాయి. ఆటగాళ్ల లెక్క, టైము మాత్రం హాకీ ఫైవ్స్ నుంచి తీసుకోండి: గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు, 10 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. 2024 జనవరిలో మస్కట్‌లో దీని వరల్డ్ కప్ జరిగింది, మన మహిళల జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. ఆ మ్యాచ్‌ల వీడియోలు మీ పోరలకు చూపిస్తే ఆట తీరు సగం అర్థమైపోతుంది.

కెనడా, అమెరికా వీధుల్లో ఆడే బాల్ హాకీ వీడియోలు చూసి ఆ రూల్స్ దించుకుందామని కొందరు అనుకుంటారు. అక్కడ వాడేది ఐస్ హాకీ రకం స్టిక్కు, దాని రెండు వైపులా బాల్ ఆడొచ్చు. మన స్టిక్కుకు ఎడమ వైపు ఒక్కటే చదును. స్టిక్కు మారితే ట్యాక్లింగ్ మారుతుంది, ఫౌల్ మారుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోదగ్గది గోల్ కొలత ఒక్కటే: 6 ఫీట్ల వెడల్పు, 4 ఫీట్ల ఎత్తు. చిన్న కోర్టుకు అది సరైన సైజు.

ముందు జాగ సంగతి. 24 ఫీట్ల రోడ్డు ఐదుగురికి చాలదు. చేతిలో స్టిక్కు పట్టుకుని చాచిన మనిషి ఒక్కడే ఆ వెడల్పులో పెద్ద ముక్క కాస్తాడు, ఇద్దరు నిలబడితే దారే ఉండదు. పాస్ వెళ్లదు, అందరూ బాల్ చుట్టూ గుంపు కడతారు, దెబ్బలన్నీ ముంగాళ్లకే. పైగా స్పీడ్ బ్రేకరు, మోరి మీది బండలు, పార్క్ చేసిన బండ్లు. రోడ్డే దిక్కయితే కీపర్ లేకుండా ముగ్గురితో, 3 ఫీట్ల వెడల్పు చిన్న గోల్‌లతో ఆడించండి. ఐదుగురి ఆట కావాలంటే దగ్గర్లోని బడిలోనో కాలేజీలోనో ఉన్న సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు అడగండి. హెడ్‌మాస్టర్‌కో ప్రిన్సిపాల్‌కో ఉత్తరం ఇచ్చి, మంజూరు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద టోర్నీ పెడితే ఆ రోజు పొద్దున గేటు తాళం దగ్గరే ఆగిపోతారు.

బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు × 15 మీటర్లు. దాని మీద ముందే గీసిన గీతలు మీ పని సగం చేసిపెడతాయి. త్రీ పాయింట్ గీతే మీ డీ: ఆ గీత లోపల దాడి చేసే జట్టు ఆటగాడు బాల్‌ను తాకితేనే గోల్ లెక్క. ఫ్రీ త్రో గీత ఎండ్ లైన్ నుంచి 5.8 మీటర్లు, పెనాల్టీకి అదే చోటు. నడి గీత ఎట్లాగూ ఉంది. కొత్తగా సున్నం వేయొద్దు. సిమెంటు మీద సున్నంపొడి, ముగ్గుపిండి రెండూ అడుగు కింద జారుతాయి. అదనపు గీత కావాలంటే తెల్ల టేపు అతికించండి. బాస్కెట్ స్తంభాలకు నడుము ఎత్తు దాటే దాకా పాత పరుపో బొంతో తాళ్లతో బిగించి కట్టండి. హ్యాండ్‌బాల్ కోర్టు దొరికితే ఇంకా మేలు, 40 × 20 మీటర్లంటే ఇండోర్ హాకీ కోర్టు కొలతే. అప్పుడు 6 మీటర్ల గోల్ గీతను డీగా వాడుకోండి.

పక్కలకు 4 అంగుళాల ఎత్తు చెక్కలు నిలబెట్టి, వెనక ఇసుక బస్తాలు ఆనించండి. బొంగులు పరిస్తే బాల్ వాటి మీదికెక్కి గాల్లోకి లేస్తుంది. ఇటుకలు అసలే వద్దు, అంచులు కాళ్లు కోస్తాయి. చెక్కలు దొరక్కపోతే పక్క గీత దాటిన బాల్ అవతలి జట్టుకు, దాటిన చోటి నుంచే తోపు. అది రాసి పెట్టండి చాలు.

బాల్ దగ్గర చాలామంది పొరపడతారు. కొత్త టెన్నిస్ బాల్ సిమెంటు మీద విపరీతంగా ఎగురుతుంది. అది నడుం దాకా లేచినప్పుడల్లా ఎవడో ఒకడు స్టిక్కు ఎత్తుతాడు, ప్రమాదం అక్కడే మొదలు. పాత బాళ్లు తీసుకుని సన్నటి సూదితో ఒక రంధ్రం చేసి గాలి తగ్గించండి, పైన ఎలక్ట్రిక్ టేపు రెండు చుట్లు గట్టిగా లాగి అతికించండి. భుజం ఎత్తు నుంచి వదిలితే మోకాలు దాటి లేవకూడదు, అదే పరీక్ష. టేపు సిమెంటు మీద రాసుకుని చిరుగుతుంది, చిరిగిన బాల్ వంకరగా తిరుగుతుంది. అందుకని ఒకే తీరున చుట్టిన బాళ్లు కనీసం ఆరు స్కోరర్ బల్ల మీద ఉంచండి. హాఫ్ టైంలో చూసి మార్చేది అంపైరే, జట్లు కాదు. అసలు హాకీ బాల్ 156 నుంచి 163 గ్రాముల బరువు, గట్టిది. పూర్తి కిట్ లేని పిల్లల మధ్యకు దాన్ని రానివ్వొద్దు. కార్క్ బాల్ కూడా అంతే.

ఇక అసలు రూల్స్. రెండింట్లో ఏ కెప్టెన్ బతిమాలినా వంగొద్దు: స్టిక్కు ఎత్తు, బాల్ ఎత్తు. మిగతావి మీ జాగను బట్టి మార్చుకోవచ్చు.

స్టిక్కు వెనక్కి తీసినా, తోసిన తర్వాత ముందుకు వెళ్లినా, స్టిక్కు తల (బాల్‌ను తాకే వంకర కొస) మోకాలు దాటకూడదు. ఎవరూ దగ్గర లేకపోయినా ఫౌలే. "దగ్గర ఎవరూ లేరు కదా" అన్న వాదనకు చోటిస్తే ప్రతి ఫౌల్ దగ్గరా కొలతల లొల్లి మొదలవుతుంది. ఊపి కొట్టడం, స్లాప్ (స్టిక్కును నేల వెంట ఊపుతూ కొట్టడం) రెండూ బంద్. పుష్ (తోయడం), స్కూప్ (బాల్ కింద స్టిక్కు పెట్టి పైకెత్తడం) లేని ఫ్లిక్ (తోస్తూ కొద్దిగా లేపడం), డిఫ్లెక్షన్ (వస్తున్న బాల్‌ను స్టిక్కుతో దారి మళ్లించడం) మాత్రమే. చూసేవాళ్లకూ ఆడేవాళ్లకూ తేడా తెలియాలంటే అంపైర్‌కు ఒక్క గుర్తు చెప్పండి: తోసే ముందు స్టిక్కు బాల్‌కు ఆనుకునే ఉండాలి. బాల్‌కూ స్టిక్కుకూ మధ్య ఖాళీ ఉండి "టక్" మని శబ్దం వస్తే అది కొట్టుడే.

బాల్ ఎత్తు విషయంలో డీ బయట ఎక్కడా కావాలని లేపకూడదు. డీ లోపల గోల్ మీదికి వేసే షాట్ కీపర్ మోకాలి ఎత్తు దాకా రావచ్చు. ఇక్కడే ఒక వాక్యం తప్పక చేర్చండి: షాట్ మోకాలి లోపే బయల్దేరి, కీపర్ ప్యాడ్‌కో డిఫెండర్ స్టిక్కుకో తగిలి లేచి గోల్లో పడితే గోలే. ఈ వాక్యం లేని టోర్నీల్లో సెమీ ఫైనల్ దగ్గర గొడవ ఖాయం.

బ్యాక్ స్టిక్, అంటే గుండ్రటి వైపుతో బాల్ ఆడితే అవతలి జట్టుకు ఫ్రీ పుష్, అంటే ఫౌల్ జరిగిన చోటి నుంచి అడ్డు లేకుండా తోపు. కొత్తవాళ్లకు ఇది రోజుకు పదిసార్లు తగులుతుంది. అయినా వదలొద్దు, వదిలితే ఎడమ పక్క నుంచి స్టిక్కులు అడ్డంగా దూసుకొస్తాయి.

కాలికి తగలడం వేరే సంగతి. చిన్న కోర్టులో బాల్ కాళ్లకు తగలకుండా ఆట సాగదు. తగలడం వల్ల ఆ జట్టుకు లాభం లేకపోతే ఆట ఆపొద్దు. కావాలని కాలు పెట్టి ఆపితే ఫ్రీ పుష్, తన డీలో కావాలని ఆపితే పెనాల్టీ. అంపైర్ విజిల్ ఊదే ముందు మనసులో రెండు అంకెలు లెక్కపెట్టుకుంటే లాభం ఎవరికి వెళ్లిందో తేలిపోతుంది.

ఒంటితో బాల్‌ను మూసేయడం, అబ్‌స్ట్రక్షన్, చిన్న కోర్టులో పెద్ద రోగం. గెలుస్తున్న జట్టు ఆఖరి రెండు నిమిషాలు మూలకు వెళ్లి, వీపు చూపించి, చెక్కకు బాల్ ఆనించి నిలబడుతుంది. వెనక నుంచి లాక్కోబోయిన వాడి స్టిక్కు వాళ్ల మడమ మీద పడుతుంది, తిట్లు మొదలవుతాయి. మందు ఇది: వీపు అడ్డం పెట్టి కదలకుండా ఉంటే ఫ్రీ పుష్. బాల్ స్టిక్కుల మధ్య చెక్కకు ఇరుక్కుని మూడు సెకన్లు కదలకపోతే విజిల్, చెక్క నుంచి 3 మీటర్లు లోపలికి తెచ్చి బుల్లీ. బుల్లీ అంటే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, బాల్ పైన స్టిక్కుల చదును వైపులు ఒక్కసారి తాకించి, ఆడటం.

ఫ్రీ పుష్‌కు ఎదుటివాళ్లు 3 మీటర్లు జరగాలి. జరగకుండా కాలయాపన చేస్తే బాల్ ఇంకో 3 మీటర్లు ముందుకు. పెనాల్టీ కార్నర్‌ను (గోల్ ఉన్న గీత మీంచి తోసిన బాల్‌ను డీ అంచున ఆపి గోల్ మీదికి షాట్ వేయడం) పూర్తిగా తీసేయండి. హాకీలో అందమైన ఘట్టం అదే అయినా, మాస్కులు, గ్లౌజులు లేని పిల్లల్ని గోల్ గీత మీద నిలబెట్టి ఎదురు షాట్ వేయించడం తగదు. డీలో కావాలని చేసిన ఫౌల్‌కు ఫ్రీ త్రో గీత నుంచి పెనాల్టీ, తెలియక జరిగినదానికి డీ అంచు నుంచి ఫ్రీ పుష్. అంతటితో సరి.

కార్డులు రెండు చాలు. పసుపు అయితే 2 నిమిషాలు బయట, జట్టు నలుగురితో ఆడాలి, ఈలోపు గోల్ పడినా వాడు లోపలికి రాడు. ఎరుపు అయితే ఆ మ్యాచ్ మొత్తం, తర్వాతి మ్యాచ్ కూడా బయటే. స్టిక్కు ఎత్తి మనిషి మీదికి పోతే, అంపైర్ మీద చెయ్యి వేస్తే టోర్నీ నుంచే బయటికి. ఈ టైం చూడ్డానికి స్కోరర్ పక్కన వేరే మనిషి, వేరే స్టాప్‌వాచ్. మ్యాచ్ గడియారం చూసేవాడికే ఈ పనీ అంటగడితే రెండూ తప్పుతాయి.

మార్పులు ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు, ఆట ఆపక్కర్లేదు. నడి గీత దగ్గర బయటికొచ్చేవాడు గీత దాటాకే లోపలికెళ్లేవాడు అడుగుపెట్టాలి. ఆరో మనిషి లోపల కనిపిస్తే లోపలికొచ్చినవాడికి పసుపు.

రెండు కీపర్ కిట్లు ఉంటే చాలు, జట్లు మార్చుకుంటాయి. క్రికెట్ బ్యాటింగ్ ప్యాడ్లు, గార్డు, గ్లౌజులు, గ్రిల్ ఉన్న హెల్మెట్. హెల్మెట్ గ్రిల్ సందులోంచి స్టిక్కు కొన దూరుతుందేమో ఒక్కసారి పెట్టి చూడండి, దూరితే గ్రిల్ కిందికి దించి బిగించండి. మిగతా నలుగురికి షిన్ గార్డులు తప్పనిసరి, ఫుట్‌బాల్‌వైనా సరే. పళ్ల గార్డు ఉంటే మరీ మంచిది. మ్యాచ్‌కు ముందు స్టిక్కులన్నీ బల్ల దగ్గర చూడాలి: పేడు లేచినవి, పగిలినవి, మేకు బయటికొచ్చినవి పక్కకు. సిమెంటు మీద స్టిక్కు తల కింద అరిగిపోతుంది, కొత్త స్టిక్కులు తేవొద్దని జట్లకు ముందే చెప్పండి.

గోల్ పోస్టులు కొనక్కర్లేదు. రెండు అంగుళాల పీవీసీ పైపు, 20 ఫీట్లవి మూడు, ఎల్బోలు పన్నెండు. ఒక గోల్‌కు 6 ఫీట్ల ముక్కలు రెండు, పైన ఒకటి, కింద వెనక ఒకటి. నిలువుకు 4 ఫీట్లవి రెండు. నేల మీద వెనక్కి వెళ్లేవి రెండున్నర ఫీట్లవి రెండు. రెండు గోల్‌లకూ కోత ఇలా: మొదటి పైపులో 6 ఫీట్లవి మూడు, రెండో పైపులో 6 ఫీట్లది ఒకటి, 4 ఫీట్లవి మూడు, మూడో పైపులో 4 ఫీట్లది ఒకటి, రెండున్నర ఫీట్లవి నాలుగు. గమ్ వేస్తే మళ్లీ విప్పలేరు, గమ్ లేకుండా వదిలేస్తే బాల్ దెబ్బకు ఎల్బో తిరిగిపోతుంది. ప్రతి ఎల్బోకు రెండు వైపులా ఒక్కో స్క్రూ బిగించండి, మొనలు లోపలికే. పై మూలల నుంచి వెనక మూలలకు తాడు లాగి కట్టి, దాని మీద పాత చేపల వల పరిచి కట్టండి. వెనక పైపు మీద రెండు ఇసుక బస్తాలు పెట్టకపోతే గోల్ ముందుకు తూలి కీపర్ వీపు మీద పడుతుంది.

ఇప్పుడు లెక్క. ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు పూల్‌లు చేయండి. పూల్‌కు ఆరు, మొత్తం పన్నెండు లీగ్ మ్యాచ్‌లు. రెండు సెమీలు, మూడో స్థానం, ఫైనల్ కలిపితే పదహారు. 10 నిమిషాల హాఫ్‌లు రెండు, మధ్యలో 2 నిమిషాలు, అంటే 22 నిమిషాల ఆట. కిట్ మార్చుకోవడం, స్టిక్కులు చూడడం కలిపి ఒక్కో మ్యాచ్‌కు 30 నిమిషాలు ఇవ్వండి. 25కు కుదిస్తే మూడో మ్యాచ్‌కే ఆలస్యం పేరుకుంటుంది. మొదటి రోజు పొద్దున 6:30 నుంచి 9:30 దాకా ఆరు, సాయంత్రం 3:30 నుంచి 6:30 దాకా ఆరు. రెండో రోజు పొద్దున మిగతా నాలుగు. మధ్యాహ్నం ఆట వద్దు, సిమెంటు కాలుతుంది.

వరుస ఇలా పెట్టండి. పూల్ ఏలో 1-2, 3-4. పూల్ బీలో 1-2, 3-4. తర్వాత ఏలో 1-3, 2-4, బీలో 1-3, 2-4. ఆఖరున ఏలో 1-4, 2-3, బీలో 1-4, 2-3. దీంట్లో ఏ జట్టుకైనా తన రెండు మ్యాచ్‌ల మధ్య కనీసం రెండు వేరే మ్యాచ్‌లు వస్తాయి. ఊపిరి పీల్చుకోవడానికి గంట దొరుకుతుంది.

గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. పాయింట్లు సమమైతే ఏం చూడాలన్నది టోర్నీకి ముందే రాయాలి, మధ్యలో రాస్తే ఎవరికో ఒకరికి అనుకూలంగా రాసినట్టే కనిపిస్తుంది. రెండు జట్లే సమమైతే వాళ్ల మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూడండి. మూడు జట్లు సమమైతే అది తేలదు, ఒకడు ఇంకొకణ్ని ఓడించి వృత్తం తిరుగుతుంది. అప్పుడు నేరుగా గోల్ తేడా, తర్వాత వేసిన మొత్తం గోల్‌లు, అప్పటికీ తేలకపోతే షూటౌట్. ఒక మ్యాచ్‌లో గోల్ తేడా 5కు మించి లెక్కించొద్దు. కోర్టు ఒక్కటే కాబట్టి ఆఖరి లీగ్ మ్యాచ్ ఆడేవాళ్లకు ఎన్ని గోల్‌లు కావాలో ముందే తెలిసిపోతుంది. హద్దు లేకపోతే బలహీన జట్టు మీద పన్నెండు, పదిహేను గోల్‌లు కుమ్మి పైకి పోదామని చూస్తారు, లేదా తెలిసినవాళ్లు వదిలేస్తారు. 5 నిమిషాలు ఆలస్యమైతే వాకోవర్, స్కోరు 3-0.

నాకౌట్‌లో సమమైతే అదనపు టైం వద్దు, నేరుగా షూటౌట్. నడి గీత నుంచి ఒక్క ఆటగాడు బాల్‌తో బయల్దేరి 6 సెకన్లలో గోల్ వేయాలి, ఎదురుగా కీపర్ ఒక్కడే. జట్టుకు ముగ్గురు, అప్పటికీ సమమైతే ఒక్కొక్కరు. పెద్ద హాకీలో దీనికి 8 సెకన్లు ఇస్తారు, అక్కడ దూరం 23 మీటర్లు. ఇక్కడ 14 మీటర్లే, అందుకే 6.

ఆటగాళ్ల జాబితా ఎనిమిది మందితో, ముందు రోజు సాయంత్రానికి చేతికి రావాలి, తర్వాత పేరు మారదు. ఒకడు ఒకే జట్టుకు. వయసు హద్దు పెడితే పుట్టిన తేదీ కోసం ఆధార్ కాపీ చూడండి, చూసి తిరిగి ఇచ్చేయండి, దగ్గర పెట్టుకోవద్దు. హాస్టల్ కోచింగ్‌లో రోజూ హాకీ ఆడే పోరలు ఒక జట్టులో ఇద్దరికి మించకూడదు, కోర్టులో ఒకేసారి ఒక్కడే. ఈ హద్దు పెట్టని చోట కాలనీ పిల్లలు పక్కన కూర్చుని, బయటి నుంచి తెచ్చినవాళ్లు కప్పు పట్టుకుపోతారు. అప్పుడు వచ్చే ఏడాది జట్లే రావు.

అంపైర్లు ఇద్దరు, ఒక్కొక్కరు ఒక్కో సగం. బడుల్లో పనిచేసే పీఈటీలను అడగండి, ఆడుతున్న జట్టు ఊరివాళ్లు వద్దు. అభ్యంతరం చెప్పేది కెప్టెన్ ఒక్కడే, మ్యాచ్ అయిన 10 నిమిషాల్లో కాగితం మీద. ముగ్గురి కమిటీ అప్పటికప్పుడు చెప్పాలి. ఫోన్ వీడియోలు చూడబోమని ముందే రాయండి. పక్క నుంచి తీసిన వీడియోలో బాల్ గీత దాటిందో లేదో ఎప్పుడూ తేలదు, గుంపు మాత్రం పోగవుతుంది.

బల్ల కింద ఐసు పెట్టె, క్రేప్ బ్యాండేజీలు, దూది, డెట్టాలు ఉండాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా వాడికి ఆ రోజు ఆట లేదు, 108కు ఫోన్ చేయాలి. పన్ను ఊడిపడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలలో వేసి, గంటలోపు దంత వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ అతికే అవకాశం ఉంటుంది. అరలీటరు పాల ప్యాకెట్ ఒకటి ఐసులో పెట్టి ఉంచండి. నీళ్లు మనిషికి 2 లీటర్ల లెక్కన 64 మందికి 128 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు.

ఆగస్టు ఆఖరున మనవైపు వానకు నమ్మకం లేదు. తడి సిమెంటు మీద హాకీ ఆడించొద్దు, తిరిగేటప్పుడు కాలు జారి మోకాలు మెలిపడుతుంది. వాన పడితే ఆట ఆపండి. మొదటి హాఫ్ పూర్తయి ఉంటే ఉన్న స్కోరే ఫలితం, నాకౌట్‌లో సమంగా ఉంటే నేల ఆరాక షూటౌట్. మొదటి హాఫ్ పూర్తి కాకపోతే ఆగిన నిమిషం నుంచి, అదే స్కోరుతో మళ్లీ మొదలు. నీళ్లు తోసే రబ్బరు వైపర్లు నాలుగు, గోనె సంచులు పది ముందే తెచ్చుకుంటే వాన వెలిసిన అరగంటలో కోర్టు ఆడేందుకు సిద్ధమవుతుంది. మొదటి రోజు సాయంత్రం మ్యాచ్‌లు కొట్టుకుపోతే వాటిని రెండో రోజు పొద్దున పెట్టి, సెమీలు, ఫైనల్ ఆ సాయంత్రానికి జరపండి. కోర్టు మంజూరు కాగితంలో రెండో రోజు సాయంత్రం కూడా రాయించుకోవడం మరవొద్దు.